చౌల్దారీలో రెండు వేల సైకిళ్ళు

చౌల్దారీ,
3 ఫిబ్రవరి 2025.

సైకిల్ బాటల విభాగం సహాయక ఇంజనీరు గారికి,
బ్రూక్షాబాద్ కార్యాలయం, అండమాన్.

చౌల్దారీ నుంచి భారతీదేవి నమస్కారాలు. మీ ఆఫీసులో తెలుగు చదవగలిగిన ఇంజనీరు ఒకరున్నారని బస్సు కండక్టరు నూకయ్య చెప్పాడు. ఆ ధైర్యంతోనే తెలుగులో రాసి, ఉత్తరం కూడా అతని చేతికే ఇస్తున్నాను.

మా ఊళ్ళో మీరు రెండు సైకిల్ బాటలు వేశారు. రెండూ బాగున్నాయి. ఒకటి బజారు దగ్గర బయలుదేరి నా వక్కతోట పడమటి కంచె దగ్గర ఆగిపోయింది. రెండోది స్కూలు దగ్గర బయలుదేరి అదే తోట తూర్పు కంచె దగ్గర ఆగిపోయింది. మధ్యన ఆరువందల నలభై అంగలు ఖాళీ. నేనే కొలిచాను. మొదటిసారి ఆరువందల ముప్ఫై ఎనిమిది వచ్చిందని మళ్ళీ కొలిచాను.

ఆ కాస్త దూరం కోసం సైకిళ్ళవాళ్ళు కిందికి దిగి, టిప్పర్ లారీలు తిరిగే పెద్ద రోడ్డు మీద మలుపు చుట్టుకుని మళ్ళీ పైకి రావాలి. నా మనవరాలు లిఖిత తొమ్మిదో తరగతి. తల్లిదండ్రుల ఉద్యోగాలు మాయాబందర్‌లో కనుక నా దగ్గర ఉండి చదువుకుంటోంది. పుట్టినరోజుకి వాళ్ళ నాన్న దానికి సైకిలు కొన్నాడు. ఆ మలుపు చూసి నేను సైకిలుకి తాళం వేశాను. బాటలు కలిసిన రోజున తీస్తానన్నాను. ఇవాళ్టికి ఎనభై మూడు రోజులు. ఈ ఎనభై మూడు రోజుల్లో అది నాతో "ఊఁ", "ఉఁహూఁ" తప్ప మూడో మాట మాట్లాడలేదు.

బాటలు ఎప్పుడు కలుపుతారో తేదీ వేసి తెలియజేయగలరు.

ఇట్లు,
భారతీదేవి

(కాగితం వెనక వైపు)

తా.క. 1. తోటలో రెండో వరుసకీ మూడో వరుసకీ మధ్య నుంచి బాట వేసుకోవడానికి నాకు పూర్తిగా సమ్మతం. దీన్నే సమ్మతి పత్రంగా భావించండి. కింద సంతకంతో పాటు వేలిముద్ర కూడా వేశాను. ఆఫీసులకు ఏది నచ్చుతుందో తెలియదు కదా.

తా.క. 2. మీ బాట చివర ఎవరో నల్ల రబ్బరు గొట్టం ఒకటి అడ్డంగా పడేసి పోయారు. దానికి టిఫిన్ డబ్బా అంత పెట్టె, పెట్టెకో పచ్చ దీపం. పిల్లలు తట్టుకుని పడతారని తెచ్చి ఇంట్లో పెట్టాను. మా అత్తగారు ఓడలో తెచ్చుకున్న రోలు కొన్నేళ్ళుగా ఊగుతోంది. ఆ గొట్టం చుట్ట చుట్టి కింద పెడితే బుద్ధిగా కూర్చుంది. సొంతదారు ఎవరైనా రసీదు రాసిచ్చి తీసుకుపోవచ్చు.

*

బ్రూక్షాబాద్,
11 ఫిబ్రవరి 2025.

గౌరవనీయులైన భారతీదేవి మేడమ్ జీకి,

నమస్తే. తమరి లేఖ పూర్తిగా చదివాను. నేను తెలుగులో రాసి చాలా ఏళ్ళయింది, తప్పులుంటే మాఫ్ చేయండి.

రెండు బాటలు కలపాలంటే అక్కడ రోజుకు కనీసం అరవై సైకిళ్ళు తిరుగుతున్నట్టు రుజువు కావాలి. అది నియమం. లెక్క కోసం మీ తోట దగ్గర బాట మీద ఒక యంత్రం పెట్టాం. దాని మీద బరువు పడిన ప్రతిసారీ ఒకటి లెక్కపెట్టి ఫోను సిగ్నల్ ద్వారా మాకు పంపుతుంది.

చెప్పడానికి చాలా ఖుషీగా ఉంది. వారమంతా సున్నా చూపించి మమ్మల్ని కంగారు పెట్టింది కానీ, మొన్న ఆదివారం తొమ్మిదో తేదీన, ఉదయం తొమ్మిది నుంచి పదకొండు లోపల, అక్షరాలా రెండువేల మూడువందల పదహారు సైకిళ్ళు! అండమాన్ మొత్తంలో ఇంత రద్దీ ఎక్కడా లేదు. మా పెద్దసారు ఆ అంకెను గోడకు అంటించారు.

ఇక ఒక్కటే అడ్డు. తోట యజమానిగా తమరి సమ్మతి కావాలి. తమరి లేఖలో ఆ విషయం ఎక్కడా లేదు. దయచేసి పంపగలరు.

భవదీయుడు,
సహాయక ఇంజనీరు (బాటలు)

తా.క. మీ ఊరివాళ్ళు ఆదివారం పొద్దున్నే ఏం తిని అంత జోరుగా తొక్కుతారో చెబితే, మా ఆఫీసులో కూడా తలా కొంచెం పంచుతాం.

*

చౌల్దారీ,
14 ఫిబ్రవరి 2025.

సహాయక ఇంజనీరు గారికి,

భారతీదేవి నమస్కారాలు. మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. రెండోసారి కళ్ళజోడు తుడుచుకుని చదివాను. అంకె మారలేదు.

అయ్యా, మా ఊరు మొత్తం మీద నూట ముప్ఫై ఒక్క సైకిళ్ళు ఉన్నాయి. వాటిలో ముప్ఫై ఎనిమిదింటికి టైర్లు లేవు. ఒకదాని మీద పొట్లపాదు పాకింది. రెండు వేల సైకిళ్ళు రావాలంటే సముద్రం అవతల హట్ బే నుంచి కూడా ఓడ వేయాలి.

నా వరండాలో కూర్చుంటే మీ రెండు బాటల చివరలూ, ఆ రోడ్డు మలుపూ కనిపిస్తాయి. నిన్న గురువారం ఉదయం ఆరు నుంచి సాయంత్రం ఆరు దాకా పుస్తకం పట్టుకుని కూర్చున్నాను. వచ్చిన లెక్క యాభై తొమ్మిది. పక్కింటి కన్నారావు నాలుగుసార్లు వెళ్ళాడు. మొదటిసారి సంచి మరిచాడు, రెండోసారి సంచితో వచ్చి చీటీ మరిచాడు, మూడోసారి ఎందుకు వచ్చాడో మరిచాడు. అతన్ని ఒకటిగానే వేశాను. మా వీధి చివర ఉండే తాతమ్మ రోజూ సైకిలు నిండా పచ్చగడ్డి వేలాడదీసి నడిపించుకుని వెళుతుంది. ఆమె సైకిలు ఎక్కగా చూసినవాళ్ళు లేరు. నడిపించుకుని వెళ్ళే సైకిలుని నేను లెక్కలో వేయను.

యాభై తొమ్మిది అరవై కాదని నాకూ తెలుసు. లిఖిత నా భుజం మీదుగా చూసి, పుస్తకంలోకి చూపుడు వేలు చాచి, "ఉఁహూఁ" అంది. అయినా లేని సైకిలు నేను రాయలేను.

ఇట్లు,
భారతీదేవి

(కాగితం వెనక వైపు)

తా.క. 1. సమ్మతి పత్రం గత ఉత్తరం వెనకే ఉంది. మళ్ళీ ఇస్తున్నాను: సమ్మతం. సంతకం, వేలిముద్ర.

తా.క. 2. ఆ గొట్టం మీదేనని ఇప్పుడు తెలిసింది. మీరు చెప్పిన ఆదివారం, మీరు చెప్పిన ఆ రెండు గంటలూ మా గవరమ్మ ఆ రోట్లోనే వీధి మొత్తానికి కారం దంచింది. నాకొక అనుమానం వచ్చింది. ఎల్లుండి ఆదివారం కూడా దంచుతుంది. ఆ పోట్లు లెక్కపెడతాను.

తా.క. 3. ఇదే ఆదివారం మీరు మా ఇంటికి భోజనానికి రండి. కన్నారావు రొయ్యలు తెస్తానన్నాడు. మీ గొట్టం మీరు పట్టుకుపోవచ్చు, మీ యంత్రం ఎలా లెక్కపెడుతోందో కూడా కళ్ళారా చూడవచ్చు. ఒంటిగంటకు ఆకు వేస్తాం.

*

బ్రూక్షాబాద్,
20 ఫిబ్రవరి 2025.

గౌరవనీయులైన భారతీదేవి మేడమ్ జీకి,

నమస్తే. తమరి లేఖ పూర్తిగా చదివాను. తమరి అభ్యంతరం నమోదు చేశాం.

క్షమించాలి, మేడమ్ జీ. యంత్రం అబద్ధం చెప్పదు. మొన్న పదహారో తేదీ ఆదివారం కూడా 1,874 చూపించింది. మళ్ళీ అదే సమయం. తోటలో బాట పడకూడదనే తమరు లెక్క తగ్గించి రాస్తున్నారని మా పెద్దసారు అనుకుంటున్నారు. రెండు ఉత్తరాలైనా సమ్మతి రాలేదంటే నాక్కూడా అదే అనిపిస్తోంది. తోట మీద మమకారం ఉండటం సహజం.

కానీ ఇంత రద్దీకి చిన్న బాట చాలదని పైనుంచి కొత్త ప్లాన్ వచ్చింది. తమరి తోటలో వెళ్ళేవాళ్ళకు ఒక దారి, వచ్చేవాళ్ళకు ఒక దారి, మధ్యలో సిగ్నల్ దీపం, రెండువందల సైకిళ్ళ స్టాండు. ఇందుకు మూడువందల పన్నెండు వక్కచెట్లు తీయాల్సి ఉంటుంది. మార్చి రెండో తేదీ ఆదివారం ఉదయం తొమ్మిదింటికి పెద్దసారు ఫోటోగ్రాఫర్‌తో సహా ఆ రద్దీ చూడటానికి వస్తున్నారు.

భవదీయుడు,
సహాయక ఇంజనీరు (బాటలు)

తా.క. ఆ రోజు సైకిళ్ళ మధ్యలో రోడ్డు దాటేటప్పుడు జాగ్రత్త, మేడమ్ జీ. పెద్దవయసు.

*

చౌల్దారీ,
24 ఫిబ్రవరి 2025.

సహాయక ఇంజనీరు గారికి,

భారతీదేవి నమస్కారాలు.

నా తోటలో ఉన్న వక్కచెట్లు మొత్తం రెండువందల ఎనభై ఆరు. మీరు మూడువందల పన్నెండు నరుకుతామన్నారు. తక్కువైన ఇరవై ఆరు చెట్లూ మీరు వచ్చేటప్పుడు తెచ్చుకోగలరు.

మీ సిగ్నల్ దీపం సంగతి విని కన్నారావు, ఎర్రదీపం పడితే దిగాలా, ఎక్కే ఉండాలా అని నన్ను అడిగాడు. మిమ్మల్ని అడిగి చెబుతానన్నాను.

లిఖితకు మీ ఉత్తరం చూపించాను. "ఊఁ" కూడా అనలేదు. గదిలోకి వెళ్ళి సైకిలు మీద కప్పిన ప్లాస్టిక్ పట్టా సర్ది వచ్చింది. నూట నాలుగు రోజులైంది.

రండి. ఎదురుచూస్తుంటాను.

ఇట్లు,
భారతీదేవి

(కాగితం వెనక వైపు)

తా.క. 1. పదహారో తేదీన గవరమ్మ వేసిన పోట్లు నేను లెక్కపెట్టాను. పద్దెనిమిది వందల డెబ్బై నాలుగు. మీ యంత్రం నిజంగానే అబద్ధం చెప్పదు. ఒక్కటి కూడా తేడా లేదు. దాన్ని మెచ్చుకున్నానని చెప్పండి.

తా.క. 2. భోజనానికి పిలిస్తే మీరు రాలేదు, రానని కూడా రాయలేదు. రొయ్యలు కన్నారావు తిన్నాడు.

తా.క. 3. సమ్మతం. సంతకం. ఈసారి వేలిముద్ర వేయలేదు, కారం చేయి.

తా.క. 4. ఇలా ఉత్తరాలు చదివే మనిషిని నా ముప్ఫై ఆరేళ్ళ ఉద్యోగంలో ఒక్కణ్ణే చూశాను. మీరు వచ్చాక సంగతి తేలుతుంది.

*

బ్రూక్షాబాద్,
3 మార్చి 2025.

పూజ్యులైన పెద్ద టీచరమ్మగారి పాదాలకు,

మీ యుగంధర్ నమస్కరించి రాస్తున్నాను. ఇన్నాళ్ళూ హోదా రాసుకున్నాను, పేరు రాయలేదు. ఇప్పుడు హోదా రాయడానికి సిగ్గుగా ఉంది.

నిన్న అందరి ముందూ తప్పించుకుని వచ్చాను, కనుక జరిగింది జరిగినట్టు ఒప్పుకుంటాను. తొమ్మిదింటికి నలుగురం బాట చివర నిలబడ్డాం. ఫోటోగ్రాఫర్ చెట్టెక్కాడు. తొమ్మిదింబావు దాకా మా ముందు నుంచి వెళ్ళినవి ఒక మేక, గడ్డితో తాతమ్మ సైకిలు. పెద్దసారు గడియారం చూసుకుని, "అరే యుగంధర్ భాయ్, సైకిల్ కహాఁ హై?" అన్నారు.

"ఆయేంగే సర్, ఆదివారం కదా, టిఫిన్ చేసి వస్తారు" అన్నాను.

అప్పుడే నా ఫోనులో అంకె కదిలింది. ఒకటి, రెండు, మూడు. ముప్ఫై. యాభై. బాట మీద చీమ కూడా లేదు. పెద్దసారు ఫోను వంకా, బాట వంకా, నా వంకా చూస్తున్నారు. ఎక్కడో ధన్, ధన్ అని చప్పుడు. చప్పుడు పడినప్పుడల్లా అంకె మారుతోంది. ఆ చప్పుడు పట్టుకుని మీ పెరట్లోకి వచ్చాం.

గవరమ్మ రోకలి ఎత్తి పట్టుకుని, "ఏటి బాబూ, కారానికొచ్చారేటి? వరసలో నిలబడండి. ఈ వాయి బుల్లమ్మగారిది" అంది.

పక్కన కుర్చీలో మీరు పుస్తకం పట్టుకుని, తల ఎత్తకుండా, "నూట నలభై రెండు" అన్నారు. నా ఫోను చూశాను. నూట నలభై రెండు.

పెద్దసారు నవ్వడం మొదలుపెట్టారు. నవ్వుతూ గాలి పీల్చారు. కారం ఘాటు ఎక్కి తుమ్ములు పట్టుకున్నాయి. పదకొండు తుమ్ములని మీరు పుస్తకంలో రాసుకోవడం నేను చూశాను.

తర్వాత ఆయన, "ఈ మాట మాకు ముందే ఎందుకు రాయలేదు, మాతాజీ?" అని అడిగారు. మీరు ఫైలు ఇమ్మన్నారు. నా చేతిలోంచి తీసుకుని, మీ మూడు ఉత్తరాలూ ఒక్కొక్కటే వెనక్కి తిప్పి ఆయన ముందు పెట్టారు. కళ్ళజోడు మీదుగా నన్ను చూసి, "పూర్తిగా చదివారా?" అన్నారు. ఆ గొంతు వినగానే గుర్తుపట్టాను. మాయాబందర్ స్కూలు, ఐదో తరగతి, రెండో బెంచీ. అందరం మిమ్మల్ని పెద్ద టీచరమ్మ అనేవాళ్ళం. మీకు వేరే పేరు ఉంటుందని నాకు ఎప్పుడూ తోచలేదు.

ఒక్క మాట మనవి చేసుకుంటాను. మా ఆఫీసులో ఉత్తరాలు స్కాన్ చేసి పంపుతారు. ఒక వైపే స్కాన్ అవుతుంది. తప్పు మొత్తం నాది కాదు.

మూడువందల పన్నెండు చెట్ల ప్లాన్ పెద్దసారు మీ పెరట్లోనే చింపేశారు. కానీ అరవై నియమం మాత్రం ఆయన చేతిలో లేదు. ఈ వారంలో ఏదో ఒక రోజు అరవై వస్తే బాటలు కలుపుతారు. యంత్రం వద్దు, మాతాజీ పుస్తకంలో అంకె చాలు అన్నారు.

మీ విద్యార్థి,
యుగంధర్

తా.క. యాభై తొమ్మిదికీ అరవైకీ మధ్య ఒక్కటే కదా, టీచరమ్మగారూ. తాతమ్మ ఒక్కరోజు ఎక్కినట్టు రాస్తే? కనీసం కన్నారావుగారిని రెండుగా వేస్తే?

*

చౌల్దారీ,
7 మార్చి 2025.

చిరంజీవి యుగంధర్‌ను ఆశీర్వదించి భారతీదేవి రాస్తున్న సంగతులు.

నీ ఉత్తరం అందింది. రెండు వైపులా చదివాను.

స్కాన్ సంగతి. నా ఉత్తరాలు మూడూ నూకయ్య నీ చేతికే ఇచ్చాడు. మొదటి దానికి నువ్వు అతనికి టీ కూడా ఇప్పించావట. ఆదివారం ఫైల్లో ఉన్నవి అసలు కాగితాలే. కనుక ఆ సాకు కొట్టేశాను.

తాతమ్మ సైకిలు ఎక్కదు. కన్నారావు ఒక్కడే, ఇద్దరుంటే ఈ ఊరు భరించలేదు.

మీరు వెళ్ళిన రాత్రి అన్నం దగ్గర లిఖిత నోరు విప్పింది. "అమ్మమ్మా, యాభై తొమ్మిదిలో నా సైకిల్ లేదు కదా. నువ్వు లాక్ తీస్తే సాఠ్ అవుతుంది. లింక్ పడితే గానీ తాళం తీయవు, తాళం తీస్తే గానీ లింక్ పడదు. ఇది ఏం హిసాబ్?" అంది. ముప్ఫై ఆరేళ్ళు లెక్కలు చెప్పినదాన్ని, దాని లెక్కకి పూర్తి మార్కులు వేశాను. అయినా ఆ మలుపులో దాన్ని ఒంటరిగా వదలనన్నాను. "అయితే నువ్వు కూడా రా" అంది. వేళాకోళానికే అంది.

మంగళవారం నూట పన్నెండో రోజు. పొద్దున్నే తాళం తీశాను. కన్నారావు సైకిలు అడిగి తీసుకున్నాను. అతను స్కూలు బెల్లు వేళకి మళ్ళీ కావాలన్నాడు. నేను సైకిలు ఎక్కి ఇరవై రెండేళ్ళయింది. చీర కొంగు బిగించి ముందు నేను, వెనక అది. టిప్పర్లు మమ్మల్ని చూసి రోడ్డు పక్కన ఆగిపోయాయి. భయం ఎవరికి ఎక్కువో చెప్పలేను.

లెక్క కోసం గవరమ్మను వరండాలో కూర్చోబెట్టాను. ఆమెకు అంకెలు రావు. కన్నారావు ఎన్నిసార్లు తిరిగినా ఒక్కటేనని చెప్పి, సైకిలుకొక ఎండుమిరపకాయ చొప్పున చేటలో వేయమన్నాను. సాయంత్రం అరవై ఒక్క మిరపకాయలు తేలాయి. ఒకటి తీసి పక్కన పెట్టాను. అది నాది. మలుపు దాటగానే ఇసుకలో జారి పడ్డాను. అక్కడి నుంచి స్కూలు దాకా నడిపించుకుని వెళ్ళాను. నడిపించే సైకిలుని లెక్కలో వేయనని పధ్నాలుగో తేదీ నీకు రాసిచ్చాను.

కనుక అరవై. పుస్తకం నకలు జత చేశాను. పెద్దసారుకు చూపించు.

మోకాలికి పసుపు రాస్తూ లిఖిత రాత్రి తొమ్మిది దాకా మాట్లాడింది. "అమ్మమ్మా, నువ్వు పడేటప్పుడు బ్రేక్ కాదు, బెల్ నొక్కావు" అని ఏడుసార్లు చెప్పింది. ఇంత మాట్లాడుతుందని తెలిస్తే నవంబరులోనే పడి ఉండేదాన్ని.

ఇట్లు,
మీ పెద్ద టీచరమ్మ

→

(కాగితం వెనక వైపు)

తా.క. 1. తిప్పావా? సంతోషం. సమ్మతం, నాలుగోసారి. దారి రెండో వరుసకీ మూడో వరుసకీ మధ్య, వెడల్పు ఏడడుగులు. తీయాల్సిన చెట్లు రెండు. రెండూ కాపు మానేసినవే.

తా.క. 2. నువ్వెవరో నీ మొదటి ఉత్తరానికే అనుమానం వచ్చింది. "పూర్తిగా చదివాను" అంటూ సగానికే జవాబు రాసేవాడివి నా చేతి కింద నువ్వొక్కడివే. ఐదో తరగతి లెక్కల పరీక్షలో నీకు ముందు వైపు యాభైకి యాభై. వెనక వైపు సున్నా. అడిగితే "పూర్తిగా రాశానండి టీచర్" అన్నావు. ఖాయం చేసుకోవడానికే రొయ్యలకు పిలిచాను. నువ్వు రాలేదు, ఖాయమైంది. అప్పుడే చెప్పి ఉండవచ్చు. పరీక్ష జరుగుతుండగా జవాబు చెప్పే అలవాటు నాకు లేదు.

తా.క. 3. ఆ ఏడాది నుంచి ప్రతి ప్రశ్నపత్రం అడుగునా ఒక బాణం గుర్తు వేయడం మొదలుపెట్టాను. రిటైరయ్యే దాకా వేశాను. స్కూల్లో అందరూ దాన్ని యుగంధర్ బాణం అనేవాళ్ళు. నీ తర్వాత ఒక్క పిల్లాడు కూడా వెనక పేజీ వదిలిపెట్టలేదు. ఆ పుణ్యం నీదే. ఉత్తరాలకు మాత్రం ఆ బాణం ఎప్పుడూ వేయలేదు, పెద్దవాళ్ళకు అక్కర్లేదనుకున్నాను. ఇవాళ వేశాను.

తా.క. 4. ఎల్లుండి ఆదివారం భోజనానికి రా. రొయ్యలే. సైకిలు మీద రావాలి. గొట్టం తీసుకుపోవచ్చు, కానీ రోలు మళ్ళీ ఊగకుండా దాని కింద పెట్టడానికి ఏదైనా తెచ్చిపెట్టు. వస్తున్నదీ లేనిదీ నూకయ్య చేత చీటీ పంపు. ముందు వైపే రాయి, పరవాలేదు.